ఖాళీగా తిరిగొచ్చిన సద్ది డబ్బా

“సద్దిల ఏం పెట్టినవే?”

“జొన్నరొట్టె, తోటకూర పప్పు. మొత్తం తినాలె. మిగిలిస్తే నా మీద ఒట్టే.”

“ఏనాడన్న మిగిల్చిన్నా?”

మా ఇద్దరి మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆయన చెప్పులు తొడుక్కుంటూ గడప అవతల ఉన్నాడు. నేను పెనం దించుతూ ఇవతల ఉన్నాను. ఆయన మొహం కూడా సరిగ్గా చూడలేదు. కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆయన సంచి భుజాన వేసుకుని గల్లీ మలుపు తిరిగాడు. అంతే. మళ్ళీ ఆ గడప దాటి లోపలికి నడిచి రాలేదు.

నా పేరు సత్తెమ్మ. ఆయన పేరు నర్సింలు. ఆయన బతికినన్నాళ్ళు ఆ పేరు నా నోటితో పలకలేదు. ఇప్పుడు రోజుకు పదిసార్లు పలుకుతున్నాను. నాకు చదువు రాదు, సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మరిది కూతురు స్రవంతి రాస్తోంది. డిగ్రీ చదువుతోంది, నా దగ్గరే ఉంటుంది. నా మాటను బడి తెలుగులోకి సర్ది రాస్తానంది, సర్దుకోమన్నాను. ఆయన మాటలు మాత్రం ఆయన అన్నట్టే ఉండాలని గట్టిగా చెప్పాను. ఆయన ఫోటోలు మా దగ్గర రెండే ఉన్నాయి. మాటలైనా చెడకుండా ఉండనీ.

ఖేడ్ దగ్గర మా ఊరు. నల్లరేగడి నేలలు, వాన మీదే పంట. జొన్న, కంది, పెసర, చేను అంచుల్లో కుసుమ. పొద్దున గటక తినేవాళ్ళం. గటక అంటే ఉడికించిన జొన్నరవ్వ, మజ్జిగ పోసుకుని తినేది. మధ్యాహ్నం గట్టు మీద రొట్టె, ఏదో ఒక ఆకుకూర, పచ్చిపులుసు. పొద్దు గూకకముందే మళ్ళీ రొట్టె, ఉలవల చారు. నూనె అంటే కుసుమ నూనె, అదీ చూసి చూసి పోసేవాళ్ళు. రొట్టెలోకి అవిసె గింజల పొడి. ఇదంతా గుండెకు మంచిదని మాకెవరూ చెప్పలేదు. ఉన్నది అదే కాబట్టి తిన్నాం. మా అత్త నడుం వంగిపోయాక కూడా కలుపుకు పోయింది. గుండె ఎటువైపు ఉంటుందో తెలియకుండానే ఆమె బతుకు గడిచిపోయింది.

వరి అన్నం పండుగకో పెళ్ళికో. ఆయన అనేవాడు, “పెండ్లికి పొయ్యేది పెండ్లి సూడనీకి గాదే, అన్నం సూడనీకి,” అని. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు కింద ఏముందో నేను ఎన్నడూ తవ్వి చూడలేదు. బొల్లారంలో మందుల కంపెనీలో పని దొరికి, ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో దిగిన రోజు ఆయన తెచ్చిన మొదటి వస్తువు సన్నబియ్యం బస్తా. గది మధ్యలో నిలబెట్టి దాని మీద చెయ్యి వేశాడు.

“ఇగ ఈ ఇంట్ల జొన్నపిండి కనవడొద్దు సత్తెమ్మా. మస్తు తిన్నం. మన బిడ్డ తినొద్దు,” అన్నాడు.

నాకూ సంబరమే. రొట్టె కొట్టే పలకను ఊళ్ళోనే వదిలేసి వచ్చాను.

ఇరవై ఏళ్ళు దాటింది అలాగే. మూడు పూటలా తెల్లన్నం. క్యాంటీన్‌లో పూరీ, ఆలుగడ్డ వేపుడు. ఆదివారం డ్యూటీ పడితే బగారా అన్నం, కోడికూర. బస్సు దిగగానే చౌరస్తాలో నలుగురితో కలిసి మిర్చి బజ్జీ. షిఫ్టు మారిన వారం తినే వేళ కూడా మారేది. ఆయనకు పొట్ట వచ్చింది. దాన్ని మేము ఒళ్ళు చేయడం అనుకున్నాం. ఊరికి పోతే చుట్టాలు, “నర్సింలుకు కంపెనీ అన్నం మంచిగ పట్టింది,” అనేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

పోయినేడు కాదు, అంతకు ముందు ఏడు. బతుకమ్మ ఇంకో వారంలో మొదలవుతుందనగా ఆయనకు మొదటిసారి నొప్పి వచ్చింది.

కంపెనీలో ఒక అలవాటు ఉంది. మందుల వాసన ఛాతీకి పట్టినా, గొంతు మండినా, బెల్లం ముక్క నోట్లో వేసుకుని గేటు దగ్గర గాలికి కూర్చుంటారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు మొదటి రోజే నేర్పుతారు. ఆయన జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లం ఉండేది. చొక్కా ఉతికేటప్పుడు నా వేళ్ళకు జిగట తగిలేది, తిట్టుకునేదాన్ని. ఆ రోజు పొద్దుటి డ్యూటీలో ఛాతీ బిగపట్టింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. చొక్కా చెమటతో తడిసింది. వాసన పట్టిందనుకున్నాడు. బెల్లం నమిలాడు. తగ్గలేదు. ఇంకో ముక్క నమిలాడు. గేటు దగ్గర అలా ఎంతసేపు కూర్చున్నాడో! చివరికి మొహం రంగు మారిపోవడం చూసి సూపర్‌వైజర్ జీపు ఎక్కించాడు.

పటాన్‌చెరులో చూసి, గుండె నరం పూడుకుపోయిందని చెప్పి పట్నంలోని పెద్ద దవాఖానకు పంపారు. నేను, నా కూతురు అనిత వెనకాలే పోయాం. అనిత కిష్టారెడ్డిపేటలో ఉంటుంది. ఒక్కతే బిడ్డ, బాపు అంటే ప్రాణం.

ఆ దవాఖానలో వేచి ఉండే హాలు మా గల్లీ అంత పొడుగు. ఇనుప కుర్చీలు, వాటి కింద సంచులు, చెప్పులు, నీళ్ళ సీసాలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరం ఒక్కసారి లేచేవాళ్ళం. మన పేరు కాదని తెలిశాక కూర్చునేవాళ్ళం. అలా ఎన్నిసార్లు లేచానో!

అనిత నా వైపు తిరిగింది. “ఏం పెట్టినవమ్మా బాపుకు? గింత పొట్ట పెరిగినా నీ కండ్లకు కనవడలేదా?”

“నేనేం పెట్టిన బిడ్డా? అందరు తినేదే పెట్టిన.”

“అందరు తినేది పెట్టినవ్ గనుకనే అందరు గీడనే ఉన్నరు సూడు!”

హాలంతా చూపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. జోగిపేటలో ధాన్యం దుకాణం ఉందట, ఆమె పెనిమిటి కూడా లోపలే ఉన్నాడు. సంచిలోంచి గుడ్డమూట తీసి, రొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టింది.

“తిను చెల్లే. మనం ఉపాసముంటే లోపలున్నోళ్ళకు నయంగాదు.”

చూస్తే జొన్నరొట్టె. “మీ అసొంటి సేట్లు గూడ గిది తింటరామ్మా?” అన్నాను.

“డాక్టరు తిట్టినంక తింటున్నం. ఆ గల్లా మీద కూసొని ముప్పై ఏండ్లు జొన్నలు అమ్మినం. ఒక్కనాడన్న ఇంట్ల వండిన పాపాన పోలే.”

ఆ చోట, ఆ గడియలో ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే కన్నీళ్ళు కారాయి. ఆమె పేరు అడగలేదు. ఆమె పెనిమిటి ఏమయ్యాడో తెలియదు. ఆ సగం రొట్టె మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన నరంలో స్ప్రింగు లాంటిదేదో వేసి బతికించారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆయనను అడిగింది, “పెద్దాయనా, చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం తినేవాళ్ళు?” అని.

ఆయన తప్పు చేసినవాడిలా తల దించుకుని ఒక్కొక్కటే చెప్పాడు. గటక, రొట్టె, పుంటికూర, పెసరపప్పు, ఉలవలు, కుసుమ నూనె, అవిసె పొడి. డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది.

“ఇంత మంచి తిండి వదిలేసి ఎక్కడికి పోయారయ్యా? మళ్ళీ అదే మొదలుపెట్టండి. తొక్కులు, పచ్చళ్ళు మాత్రం తగ్గించాలి, ఉప్పు పాతకాలపుదైనా ఉప్పే. చీకటి పడకముందే తినేయండి. మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు. తిండి మాత్రకు తోడుగా ఉంటుంది, మాత్ర చేసే పని అది చేయదు.”

“గది తినలేకనే గద మేడం, ఊరిడిసి వచ్చింది,” అన్నాడు ఆయన.

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నేను అది గమనించలేదు.

కార్తీకంలో ఊరి నుంచి నా పలక తెప్పించాను. మరిది బస్సులో పంపాడు, దానితో పాటు కొత్త జొన్నలు కూడా. వేడినీళ్ళు పోసి పిండి పిసికి, పలక మీద అరచేత్తో కొట్టబోతే మొదటి రొట్టె పెనం మీదికి చేరకముందే మూడు ముక్కలైంది. చేతులు మరిచిపోయాయి. రెండో రోజు కుదిరింది. మూడో రోజుకు గల్లీలో ఆడవాళ్ళు ఆ చప్పుడు విని తలుపు దగ్గరికి వచ్చారు. పక్క గదిలో బీహార్ ఆమె, “భాభీ, ఢోలక్ బజా రహీ హో క్యా?” అని, నేను డోలు వాయిస్తున్నట్టు నవ్వింది. నాకు పానం లేచి వచ్చింది. నా పెనిమిటిని నా చేతులతో బతికించుకుంటున్నాను అనుకున్నాను. దేవుడి పటం ముందు దీపం పెట్టినప్పుడు కూడా నాకు అంత నమ్మకం ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు చెప్పేది నా తప్పు. ఇది రాసేటప్పుడు స్రవంతి, “వద్దులే పెద్దమ్మా,” అంది. రాయమన్నాను.

రెండు పొయ్యిలు వెలిగించాను నేను. ఒక దాని మీద ఆయనకు రొట్టె. ఇంకో దాని మీద నాకు అన్నం, అనిత పిల్లలు వస్తే వాళ్ళకూ అన్నమే. రెండు పూటలు రొట్టె తింటే నాకు దవడలు నొచ్చేవి. ఇన్నేళ్ళు అన్నానికి అలవాటు పడిన నోరు కదా. ఒక సాయంత్రం వంకాయ కూర, వేడి అన్నం కలుపుకుని తింటున్నాను. ఆయన తన కంచం ముందు పెట్టుకుని నా కంచం వైపు చూశాడు.

“నాకొక్కనికేనా రొట్టె?”

“రోగం నీకా, నాకా?” అన్నాను నేను.

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. కోపంతో కూడా కాదు, ఊరికే వచ్చింది. ఆయన రొట్టె తుంచి తిన్నాడు. మర్నాటి నుంచి గోడ వైపు తిరిగి కూర్చుని తినేవాడు. నేను అన్నం చూస్తే ఆశ పుడుతుందని తిరిగాడేమో అనుకున్నాను. మా ఊళ్ళో రొట్టె ఒక్కడు తినేది కాదు. పొయ్యి చుట్టూ అందరం కూర్చునేవాళ్ళం. మా అత్త పెనం మీది నుంచి తీసి ఒక్కొక్కరికి విసిరేది. ఆలస్యంగా వచ్చినవాడికి మాడింది దక్కేది, అందరం వాడిని ఆట పట్టించేవాళ్ళం. అందరికీ ఒకే కుండ, ఒకే పప్పు. ఊరి నుంచి పలక తెచ్చుకున్నాను, జొన్నలు తెచ్చుకున్నాను. ఆ కూర్చోవడం తెచ్చుకోలేదు. రొట్టెను రోగి కూడు చేసి పెట్టాను.

డ్యూటీకి మళ్ళీ పోవడం మొదలుపెట్టాక నాలుగు గిన్నెల డబ్బా కట్టేదాన్ని. రెండు రొట్టెలు, పప్పు, కూర, మజ్జిగ. సాయంత్రం డబ్బా తీసి చూస్తే ఖాళీ. మెతుకు కాదు కదా, మరక కూడా ఉండేది కాదు. కొన్ని రోజులయ్యాక డబ్బా కడిగి కూడా వచ్చేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో తిన్న కంచం ఎన్నడూ తీయని మనిషి! అనితకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

“మీ బాపు డబ్బా కడిగి తెస్తున్నడు! రోగమొచ్చినంక బుద్ధొచ్చింది.”

“నిజమా అమ్మా? జెర నీకు గూడ నయమైంది పో,” అని నవ్వింది. దవాఖానలో అన్న మాటల గాయానికి ఆ నవ్వుతో కట్టు కట్టినట్టయింది.

ఎండలు ముదిరాక పరీక్షకు పోయాం. డాక్టరమ్మ కాగితాలు చూసి నుదురు ముడిచింది. బరువు పెరిగింది, నెత్తురు పోటు తగ్గలేదు, కొవ్వు కూడా అలాగే ఉంది.

“నేను చెప్పిన తిండే తింటున్నారా పెద్దాయనా?”

ఆయన గోడ మీది బొమ్మ వైపు చూశాడు. “తింటున్న మేడం.”

నేను ఊరుకోలేదు. “ఆయన అబద్ధం ఆడడు మేడం. డబ్బా ఖాళీగ వస్తది. కండ్ల సూస్తున్న కద నేను,” అని సాక్ష్యం చెప్పాను. కోర్టులో చెప్పినట్టు చెప్పాను. ఆయన అప్పుడు నా వైపు ఒక చూపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. ఒక్క మాట చెప్పి ఉంటే... చెప్పలేదు. డాక్టరమ్మ మాత్ర పెంచింది. బస్సులో వస్తూ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సిగ్గుపడి నేనే లాక్కున్నాను.

వానలు గట్టిగా పడుతున్న రోజులు. మొదట్లో చెప్పిన ఆ పొద్దున. సద్దిలో ఏం పెట్టినవే అన్నాడు, చెప్పాను, పోయాడు.

మధ్యాహ్నం కాకముందే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి అంతా అయిపోయింది. క్యాంటీన్ బయట బల్ల మీద కూర్చున్నాడట. మళ్ళీ బెల్లం నోట్లో వేసుకున్నాడట. “వాసన పట్టింది, జెరసేపు కూసుంట,” అన్నాడట. అంత పెద్ద దవాఖాన చూసి వచ్చిన మనిషి, మళ్ళీ బెల్లం ముక్కనే నమ్మాడు. నోరు తుడుస్తుంటే నా కొంగుకు జిగట తగిలింది.

మర్నాడు ఆయన సంచి ఇంటికి వచ్చింది. అందులో సద్ది డబ్బా బరువుగా ఉంది. మూత తీస్తే రొట్టెలు గట్టిపడి ఉన్నాయి, పప్పు పాడైంది. ఇన్ని నెలల్లో డబ్బా మొదటిసారి నిండుగా తిరిగొచ్చింది. తినే వేళకు ముందే పోయాడు కదా, అందుకని. ఏనాడన్న మిగిల్చిన్నా అన్నవాడు ఈ ఒక్కనాడు మిగిల్చాడని, ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎంత ఏడ్చానో అనితకే తెలుసు.

దినాల నాడు కంపెనీ వాళ్ళు కొంతమంది వచ్చారు. అందరూ పోయాక ఒకాయన మిగిలాడు. బిశ్వనాథ్ అని, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాడు. మా ఆయన ఈడువాడే. ఆయన నోట ఆ పేరు చాలాసార్లు విన్నాను. గడప దగ్గర కూలబడ్డాడు.

“భాభీ, మాఫ్ చెయ్యి. నీ డబ్బా అన్న తినలే. నేను తిన్న.”

“ఏనాడు?” అన్నాను.

“రోజు, భాభీ. రోజు నేనే తిన్న. అన్న క్యాంటీన్ల తిన్నడు.”

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత కడిగిన డబ్బా కళ్ళ ముందు మెదిలింది. నేను లేచి అతని చొక్కా పట్టుకున్నాను. “రొట్టె గాదురా నువ్వు తిన్నది! నా మొగణ్ణి తిన్నవ్! నా మొగణ్ణి తిన్నవ్ రా!” అని అరిచాను. అనిత నన్ను లాగింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. అలాగే తల వంచుకుని చెప్పాడు.

“మొదటి రోజు అన్న అన్నడు, ‘తింటవా బిశ్వా, నాకు గొంతు దిగుతలేదు,’ అని. మా ఊర్ల రాగి రొట్టె తింటం భాభీ. నాకు మా అమ్మ యాదికొచ్చింది. తిన్న. రెండో రోజు మళ్ళ ఇచ్చిండు. ‘అన్నా, ఇది నీకు మందు,’ అని నేను చెప్పిన. అన్న అన్నడు, ‘చిన్నప్పుడు లేక తిన్న. ఇప్పుడు ఇంట్ల గోడ దిక్కు తిరిగి ఒక్కణ్ణే తింటున్న. ఈడన్న నలుగురితోని తిననియ్ రా,’ అని.”

“మరి నాకెందుకు చెప్పలే? ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే?”

“ఒట్టు పెట్టించుకున్నడు భాభీ. ‘డబ్బా ఖాళీగ పోతే మా ఆమె నవ్వుతది. ఆ నవ్వు చెడగొట్టకు,’ అన్నడు.”

నా నవ్వు కోసం. ఆ మాట విన్నాక అతని చొక్కా వదిలేశాను.

తర్వాత చాలా రోజులు పలకను మంచం కిందికి తోసేశాను. జొన్నపిండి డబ్బాకు పురుగు పట్టింది, పట్టనిచ్చాను. ఆయన మీద కోపం, బిశ్వ మీద కోపం, అన్నిటికన్నా నా నాలుక మీద కోపం. అప్పుడే మరిది స్రవంతిని నా దగ్గర ఉంచాడు. ఈ పిల్ల రాకుంటే నేను ఏమయ్యేదాన్నో.

దసరా ముందు బిశ్వ మళ్ళీ వచ్చాడు. పండుగకు ఊరు పోతున్నానని చెప్పడానికి వచ్చాడట. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతనే చెప్పాడు. కంపెనీలో అందరికీ పరీక్షలు చేశారట. అంతకు ముందు ఏడు అతనికి నెత్తురు పోటు ఎక్కువ, బరువు ఎక్కువ. ఈసారి రెండూ దిగాయట. ఏం తింటున్నావని డాక్టరు అడిగాడట.

“ఏమని చెప్పను భాభీ? మా అన్న బతుకు తింటున్న అని చెప్పాల్నా?” అని గడప మీదే వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను.

అప్పుడు నాకు తెలిసింది. నా రొట్టె పనిచేసింది. నా ఆకుకూర, నా పప్పు, నేను ఊరి నుంచి తెప్పించిన కుసుమ నూనె, అన్నీ డాక్టరమ్మ చెప్పినట్టే పనిచేశాయి. నేను కొట్టిన ప్రతి రొట్టె ఒక గుండెను కాపాడింది. ఆ గుండె నా ఇంటిది కాదు. దీనికి సంతోషపడాలో, నెత్తి బాదుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ చేస్తుంటాను.

“కూసో,” అన్నాను. మంచం కింద నుంచి పలక లాగాను. స్రవంతి దుకాణానికి పోయి పిండి తెచ్చింది. నాలుగు రొట్టెలు కొట్టాను. బిశ్వకు ఒక కంచం, స్రవంతికి ఒకటి, నాకు ఒకటి. అందరికీ అదే రొట్టె, అదే పుంటికూర. ముగ్గురం పొయ్యి దగ్గరే కూర్చున్నాం. మొదటి తుంపు నోట్లో పెట్టుకున్నాను. ఇది నేను కార్తీకంలో ఆయన పక్కన కూర్చుని తినాల్సిన తుంపు. దవడలు నొస్తే నొచ్చేవి. ఏమయ్యేది?

ఆయన పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయింది. ఇప్పుడు ఏడవకుండా ఒక పూట గడపగలుగుతున్నాను, అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. మా గల్లీలో, మా బస్సు స్టాపులో మొగుళ్ళను డ్యూటీకి పంపే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు చెప్పాలి. ఛాతీ బిగపడితే బెల్లం నమలనివ్వకండి, గాలికి కూర్చోనివ్వకండి, ఉన్న పళంగా దవాఖానకు తీసుకుపొండి. డాక్టరు ఇచ్చిన మాత్ర ఆపనివ్వకండి. మన పాత తిండి మంచిదే, దాన్ని మళ్ళీ పొయ్యి ఎక్కించండి. కానీ ఇంటిల్లిపాదికీ ఎక్కించండి. ఒక్కడి కంచంలో వేసి, నీకు రోగం కాబట్టి ఇది తిను అంటే, అది మందు కూడా కాదు, తిండి కూడా కాదు, జైలు కూడు అవుతుంది. కడిగిన డబ్బాను చూసి మురిసిపోకండి. మనిషి పక్కన కూర్చోండి. ఆయన ఏం తింటున్నాడో, ఏం మింగలేకపోతున్నాడో ఆయన మొహంలోనే కనబడుతుంది.

అనిత ఇంట్లో ఇప్పుడు ఒకే పొయ్యి. పిల్లలు మొదట మొహం చిట్లించారు, ఇప్పుడు మాడిన రొట్టె కోసం కొట్టుకుంటున్నారు. “బాపుకు గూడ మాడిందే ఇష్టం కదమ్మా,” అంటుంది అనిత. ఆ మాటకు ఇద్దరం కన్నీళ్ళు కనబడకుండా చెరోవైపు తిరుగుతాం.

ఇక చాలు. నా గొంతు పోయింది.

“అయిపోయిందా పెద్దమ్మా?”

“అయిపోయింది బిడ్డా. ఏదీ, ఒకసారి సదువు. మొదటి నుంచి సదువు. ఆయన మాట ఆయన అన్నట్టే రాసినవా?”

“రాసిన.”

“ఏనాడన్న మిగిల్చిన్నా అన్నడు సూడు, ఆడ జెర ఆగు. ఆనాడు నేనేమనలే. బస్సొచ్చింది. ఇయ్యాల నాకు జవాబు చెప్పాలనుంది. ఇగ సదువు, బిడ్డా. మెల్లగ సదువు.”